లక్ష తిరిగిన కారు, డెబ్బై వేలు తిరిగిన కారు: ఏది చవక?

ఒకే మోడల్, ఒకే ఏడాది తయారైన రెండు హ్యాచ్‌బ్యాక్‌లు అమ్మకానికి వచ్చాయనుకుందాం. ఒకటి 70 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంకోటి లక్షా 5 వేలు. మొదటిదాని యజమాని కాస్త ఎక్కువే అడుగుతున్నాడు. అయినా చూడటానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది దానివైపే మొగ్గుతారు. తక్కువ తిరిగింది కాబట్టి ఎక్కువ కాలం వస్తుందని నమ్మకం.

రెండో కారు గ్లవ్ బాక్సులో ఓ ఫైలుంది. 90 వేల దగ్గర టైమింగ్ బెల్టు, వాటర్ పంపు మార్చిన బిల్లు అందులో ఉంది. ఆ తర్వాత కొన్నాళ్లకు వేసిన క్లచ్ సెట్టుది ఇంకో బిల్లు. నిరుడు కొన్న నాలుగు టైర్లు, ముందు షాక్ అబ్జార్బర్లు, సస్పెన్షన్ కీళ్ల దగ్గరి రబ్బరు బుష్‌లు... అన్నీ తేదీతో, కిలోమీటర్లతో సహా వరసగా ఉన్నాయి. మొదటి కారుకు ఇవేవీ మార్చలేదు. మార్చాల్సిన గడువు మాత్రం గుమ్మంలోకి వచ్చేసింది.

కొత్త కారు ధర 100 పాళ్లు అనుకుందాం. మొదటి కారుకు 42 అడుగుతున్నారు, రెండోదానికి 38. మొదటిదానికి బెల్టు, పంపు కలిపి 3 పాళ్లు, క్లచ్ 4, టైర్లు 4, సస్పెన్షన్ 3. మొత్తం 14. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ కారు 56 పాళ్లకు పడుతుంది. రెండోదానికి మామూలు సర్వీసులు కలుపుకున్నా 40 దాటదు. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలే, మోడల్‌ను బట్టి మారతాయి. కానీ తేడా పడే తీరు ఇదే. తక్కువ డబ్బుతో ఇంటిల్లిపాదికీ పనికొచ్చే కారు కొనాలనుకునేవాళ్లు ఎంత తిరిగిందని అడిగే ముందు, ఏ ఖర్చులు అయిపోయాయి, ఏవి మిగిలాయి అని అడగాలి. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగే విషయాలు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, కారులో పెద్ద ఖర్చు పెట్టించే భాగాల ఆయుష్షు దాదాపు ఒకేసారి దగ్గరపడుతుంది. టైర్లు, షాక్ అబ్జార్బర్లు, క్లచ్, బెల్టు, బ్యాటరీ, బ్రేక్ డిస్కులు... వీటిలో చాలావరకు అయిదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య, 70 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మెకానిక్ ఇచ్చిన ఎస్టిమేట్ చూసిన యజమానికి రెండు దారులు. ఖర్చు పెట్టడం, లేదా అమ్మేయడం. చాలామంది రెండోది ఎంచుకుంటారు. ఇందులో మోసమేమీ లేకపోవచ్చు. అయితే ఆ ఎస్టిమేట్ సంగతి కొనేవాళ్లకు తెలియదు, అమ్మేవాళ్లకు తెలుసు. ఈ తేడా మీదే ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో ఒక పరిశోధనా పత్రం రాశారు. ఆయన ఉదాహరణగా తీసుకున్నది పాత కార్ల మార్కెట్‌నే. మంచి బండికీ చెడ్డ బండికీ తేడా కొనేవాళ్లు పసిగట్టలేనప్పుడు ఇద్దరికీ సగటు ధరే వస్తుంది. ఆ ధరకు మంచి బండి యజమాని అమ్మడానికి ఇష్టపడడు. దాంతో మార్కెట్లో చెడ్డవే మిగులుతాయి. 2001లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది ఈ తరహా కృషికే. పాత కారు కొనేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది: బిల్లుల ఫైలు చూపించగలిగిన యజమాని ఆ సగటు నుంచి తన బండిని బయటికి తీస్తున్నాడు. ఆ ఫైలు కోసం ధర మీద కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

ఇక కారు ఎంత పాతదై ఉండాలి? కొత్త కారు విలువ మొదటి మూడేళ్లలో జారిపోయినంత వేగంగా ఆ తర్వాత జారదు. ఆ నష్టం మొదటి యజమాని భరించేశాడు. పదేళ్లు దాటితే రబ్బరు భాగాలు, వైరింగు, తుప్పు లాంటివి కిలోమీటర్లతో సంబంధం లేకుండా వయసు మీద వస్తాయి. కాబట్టి అయిదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఉండి, పైన చెప్పిన పెద్ద పనులు అయిపోయిన బండి దొరికితే అదే మేలైన బేరం. అంతకంటే పాతదైతే యంత్రం సరళంగా ఉండాలి, విడిభాగాలు ఎక్కడైనా దొరకాలి, బండి శుభ్రంగా వాడినదై ఉండాలి. ఈ మూడింటిలో ఏది తగ్గినా చవక అన్న మాట నిలబడదు.

నిర్మాణమే చెబుతుంది ఎక్కడ చూడాలో

చిన్న హ్యాచ్‌బ్యాక్ చవగ్గా, లోపల విశాలంగా ఉండటానికి కారణం ఇంజిన్ అడ్డంగా ఉండటం. ఇంజిన్‌ను అడ్డంగా పెట్టి, దాని పక్కనే గేర్ బాక్సు తగిలించి, ముందు చక్రాలను తిప్పే అమరికను 1964లో ఇటలీలో వచ్చిన ఆటోబియాంకీ ప్రిములా వాడింది. వెనక తలుపుతో సహా ఈ రూపాన్ని ప్రపంచమంతా గుర్తుపట్టేలా చేసింది 1974 నాటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్. ఆ కారు ఆకారం జార్జెట్టో జుజారో గీసినది. ఇప్పుడు రోడ్డు మీద కనిపించే హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావరకు అదే అమరిక: ముందు స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకటిగా ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్లు, వెనక రెండు చక్రాలనూ కలిపే ఒక బీమ్, మధ్యలో మనుషులకు చోటు.

ఈ అమరిక వల్ల ఇంజిన్ బరువు, స్టీరింగు, బ్రేకింగు భారం, చక్రాలను తిప్పే పని అన్నీ ముందు భాగం మీదే పడతాయి. అందుకే ముందు టైర్లు, ముందు బ్రేక్ ప్యాడ్లు తొందరగా అరుగుతాయి. వెనక బీమ్ మాత్రం మొండిది. దాని బుష్‌లు తప్ప చెడటానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు. కాబట్టి కారు చూసేటప్పుడు సమయంలో ముప్పావు వంతు ముందు భాగానికే ఇవ్వాలి.

ముందు చక్రం వెనక వంగి చూస్తే డ్రైవ్ షాఫ్ట్ చివర ముడతలు ముడతలుగా ఒక రబ్బరు బూటు కనిపిస్తుంది. ఆ బూటు చిరిగితే లోపలి గ్రీజు చక్రం తిరిగినప్పుడల్లా చిమ్మి, రిమ్ము లోపలి వైపు నల్లటి చారగా అంటుకుంటుంది. బూటు ఖర్చు కొంచెమే. చిరిగిన బూటుతో కొన్ని నెలలు తిప్పితే దుమ్మూ ఇసుకా చేరి లోపలి జాయింటు అరిగిపోతుంది, దాని ఖర్చు ఎన్నో రెట్లు. ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, మెల్లగా గుండ్రంగా నడిపితే టకటకమని చప్పుడు వస్తే ఆ జాయింటు పోయినట్టే. రెండు వైపులా తిప్పి చూడాలి, ఎందుకంటే ఒక వైపు తిప్పినప్పుడే బయటపడే చప్పుళ్లు ఉంటాయి.

ఇంజిన్ న్యూట్రల్‌లో నడుస్తున్నప్పుడు స్టీరింగు, సీటు అదురుతున్నాయంటే, ఏసీ వేయగానే ఆ అదురు పెరుగుతోందంటే ఇంజిన్ మౌంటింగులు మెత్తబడ్డాయని అర్థం. గుంటల్లో ముందు నుంచి డబడబ చప్పుడు వస్తే స్ట్రట్ పైన ఉండే మౌంటింగో, స్టెబిలైజర్ లింకో, లోయర్ ఆర్మ్ బుష్షో అయి ఉంటుంది. వీటిలో ఏదీ ప్రమాదఘంటిక కాదు. ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకుని ధరలోంచి తీసేయాల్సిన అంకె, అంతే.

టైర్లు చాలా చెబుతాయి. పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్నీ, ఏడాదినీ చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. ఈ నాలుగంకెల పద్ధతి 2000 నుంచి ఉంది. కొత్త కారు టైరు గాడి లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. చాలా దేశాల్లో చట్టం అనుమతించే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. తడి రోడ్డు మీద పట్టు అంతకు చాలా ముందే తగ్గిపోతుంది. ఎనిమిదేళ్ల కారుకు ఎనిమిదేళ్ల నాటి టైర్లే ఉండి, గాడి బాగానే మిగిలితే దానికి రెండు అర్థాలు. బండి నిజంగా తక్కువ తిరిగి ఉండాలి, అలాగైతే రబ్బరు వయసు మీద పడి గట్టిపడిపోయి ఉంటుంది, టైర్లు ఎలాగూ మార్చాలి. లేదా తక్కువ వాడిన ఇంకో కారు నుంచి తెచ్చి వేసి ఉండాలి. ఒక టైరు లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. అలైన్‌మెంట్ చేయించినా నిలవడం లేదంటే ఛాసిస్ వంగి ఉండే అవకాశం ఉంది. అది చవగ్గా సరిచేయగలిగిన సమస్య కాదు, ఆ బండి వదిలేయాలి.

సెల్ఫ్ కొట్టిన మొదటి నిమిషం

ఇంజిన్ గురించి ఎక్కువ నిజం చల్లగా ఉన్నప్పుడే తెలుస్తుంది. చూడటానికి వెళ్లే ముందు బండి స్టార్ట్ చేయొద్దని చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే కారణం అడగాలి. చల్లటి ఇంజిన్ మీద అమ్మేవాళ్లకు భయం ఉంటే కొనేవాళ్లకూ ఉండాలి.

స్టార్ట్ చేసే ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడాలి. కనీస గీత కంటే తక్కువగా ఉంటే ఇంజిన్ ఆయిల్ తాగుతున్నా, యజమాని చూసుకోకపోయినా రెండూ చెడ్డ సంగతులే. ఆయిల్ నింపే మూత తిప్పి లోపలి వైపు చూడాలి. తెల్లటి మీగడ లాంటి పొర ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నట్టు. చలిలో దగ్గరి దూరాలే తిరిగే బండ్లకు ఆవిరి పేరుకుని కొంచెం పొర రావచ్చు, కానీ డిప్‌స్టిక్ మీద కూడా అదే కనిపిస్తే ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించాలి. కూలెంట్ ట్యాంకులో ద్రవం గులాబీ, పచ్చ, నీలం ఏ రంగులో ఉన్నా ఫర్వాలేదు. తుప్పు రంగులో ఉన్నా, పైన నూనె తెట్టు తేలినా, అచ్చంగా పంపు నీళ్లలా ఉన్నా అనుమానించాలి. మామూలు నీళ్లు పోస్తూ తిప్పిన ఇంజిన్లో రేడియేటర్, థర్మోస్టాట్, వాటర్ పంపు మూడూ లోపల తుప్పు పట్టి ఉంటాయి.

సెల్ఫ్ కొట్టాక ఒక మనిషి సైలెన్సర్ వెనక నిలబడాలి. చల్లటి ఉదయం తెల్లటి ఆవిరి కాసేపు వచ్చి పోతే సహజం. ఇంజిన్ వేడెక్కాక కూడా తీయటి వాసనతో తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపల మండుతోంది. నీలి పొగ ఆయిల్‌ది. అది ఎప్పుడు వస్తుందో గమనిస్తే ఖర్చు ఎంతో తెలుస్తుంది. స్టార్ట్ చేసిన క్షణంలో, లేదా చాలాసేపు నిలబెట్టి ఒక్కసారి రేస్ చేసినప్పుడు మాత్రమే వస్తే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయి. నడుస్తుండగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తే పిస్టన్ రింగులు అరిగాయి. మెకానిక్‌లు బండి బోరుకొచ్చిందనేది అప్పుడే. మొదటిది భరించగలిగిన ఖర్చు. రెండోది బడ్జెట్ కారు కొన్నవాళ్లకు సగం కారు ధర.

టైమింగ్ బెల్టు గురించి కాస్త నిలబడి చెప్పుకోవాలి. పిస్టన్లు, వాల్వులు ఒకదానితో ఒకటి తగలకుండా కదిలేలా చూసేది అదే. చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్ వచ్చి తెరుచుకున్న వాల్వును కొడుతుంది, వాల్వులు వంగుతాయి, ఇంజిన్ పై భాగం మొత్తం విప్పాల్సి వస్తుంది. బెల్టు మార్చాల్సిన గడువు చాలా ఇంజిన్లలో, కంపెనీని బట్టి, 60 వేల నుంచి లక్షన్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఏళ్ల గడువు కూడా ఉంటుంది, ఏది ముందొస్తే అదే లెక్క. ఎనిమిదేళ్లలో 40 వేలే తిరిగిన కారు యజమాని ఇంకా టైముందని చెబుతాడు. ఏళ్ల లెక్క ప్రకారం అది దాటిపోయి ఉండొచ్చు. మార్చామన్న మాటకు బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్కేయాలి.

కొన్ని ఇంజిన్లలో బెల్టు ఆయిల్లో మునిగి తిరుగుతుంది. ఫోర్డ్ 1.0 లీటరు ఎకోబూస్ట్, ప్యూజో సిట్రోయెన్ కార్లలో వచ్చిన 1.2 లీటరు ప్యూర్‌టెక్ ఇంజిన్లు ఈ రకానివి. తర్వాతి కాలంలో రెండు కంపెనీలూ ఈ ఇంజిన్లను చైనుకు మార్చాయి. తడి బెల్టు నడుస్తున్నంతకాలం చప్పుడు తక్కువ, రాపిడి తక్కువ. చెప్పిన రకం ఆయిల్ పోయకపోయినా, ఆయిల్ మార్పు ఆలస్యమైనా ఆ బెల్టు రబ్బరు పొడిపొడిగా ఊడి ఆయిల్ పంపు జల్లెడలో చేరుతుంది. అప్పుడు ఇంజిన్‌కు ఆయిల్ అందదు. ఇలాంటి ఇంజిన్ ఉన్న కారును సర్వీసు రికార్డు పూర్తిగా లేకుండా తక్కువ ధరకు ఇస్తామన్నా తీసుకోకపోవడం మంచిది. చైన్ ఉన్న ఇంజిన్‌కు బెల్టు గొడవ లేదు. స్టార్ట్ చేసిన రెండు మూడు క్షణాలు గలగలమని ఇనుప చప్పుడు వచ్చి ఆగిపోతే చైన్ సాగిందో, టెన్షనర్ బలహీనపడిందో అనుకోవచ్చు.

డీజిల్ కారు విషయంలో తేల్చుకోవాల్సింది ఒకటే, రోజూ ఎంత దూరం వెళతారు అని. ఇటీవలి డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు దాదాపు 600 డిగ్రీల వేడిలో ఆ మసిని తానే కాల్చుకుంటుంది. అందుకు హైవే మీద కొంతసేపు ఆగకుండా నడవాలి. పిల్లల్ని బడిలో దింపి, కూరగాయలు తెచ్చుకునే దూరాలకు వాడితే ఫిల్టర్ నిండిపోతూనే ఉంటుంది. మైలేజీలో మిగిలిందంతా ఒక్క ఫిల్టర్ మింగేస్తుంది. దూరాలు తిరగనివాళ్లకు టర్బో లేని పెట్రోలు ఇంజిన్, మాన్యువల్ గేర్లు ఉన్న హ్యాచ్‌బ్యాక్ కంటే చవకైన జోడీ లేదు. పికప్ తక్కువే, కానీ ఏ వర్క్‌షాపులోనైనా బాగు చేయగలరు.

ఆటోమేటిక్ కావాలనుకునేవాళ్లు పేరు ఒకటే అయినా లోపల నాలుగైదు రకాలున్నాయని గుర్తుంచుకోవాలి. టార్క్ కన్వర్టర్ రకం పాతబడినా నమ్మకంగా నడుస్తుంది, ఆయిల్ మారుస్తూ ఉండాలి. విడివిడి గేర్లు లేకుండా వేగాన్ని మార్చే సీవీటీకి కూడా అంతే, దానికి సరైన ఆయిల్ మరీ ముఖ్యం. రెండు క్లచ్‌ల గేర్ బాక్సులు, ముఖ్యంగా చిన్న కార్లలో వచ్చిన పొడి క్లచ్ రకాలు, ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడిస్తే వేడెక్కుతాయి. అవి కదిలేటప్పుడు జర్కులిస్తే ఆ బండి వదిలేయడమే మేలు. టొయోటా యారిస్ లాంటి చిన్న హైబ్రిడ్‌లలో క్లచ్, సెల్ఫ్ మోటార్, ఆల్టర్నేటర్ ఉండవు. చెడేవి అన్ని తగ్గాయన్నమాట. హైబ్రిడ్ బ్యాటరీ ఒక్కటే పెద్ద ఖర్చు. దాన్ని చల్లబరిచే గాలి లోపలికి వెళ్లే జాలీ వెనక సీటు దగ్గర ఉంటుంది. ఆ జాలీ దుమ్ముతో మూసుకుపోయి ఉంటే బ్యాటరీ చాలాకాలంగా వేడిలో ఉందని తెలుస్తుంది.

మాన్యువల్ క్లచ్ పరీక్ష సులువు. నాలుగో గేరులో నెమ్మదిగా వెళుతూ యాక్సిలరేటర్ మొత్తం తొక్కాలి. ఇంజిన్ చప్పుడు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. అదే సమయంలో రెండో గేరు పడేటప్పుడు గీసినట్టు చప్పుడొస్తోందా, అయిదో గేరు వేసి వదిలితే బయటికి వస్తోందా చూడాలి.

మీటరు చెప్పేది, మిగతా బండి చెప్పేది

ఓడోమీటర్ అంకెను నమ్మడం కంటే దాన్ని మిగతా వాటితో సరిపోల్చడం ముఖ్యం. డిజిటల్ మీటరు తిప్పడం పాత మీటరు తిప్పడం కంటే తేలిక. అయితే బ్రేక్ పెడల్ మీది రబ్బరు తిరిగి కొత్తదవదు. 50 వేలు చూపించే బండికి పెడల్ రబ్బరు మీద గాళ్లు పూర్తిగా చెరిగిపోయి, స్టీరింగు మీద తోలు నున్నగా మెరుస్తూ, డ్రైవర్ సీటు బయటి అంచు నలిగి ఉంటే ఆ అంకె నమ్మదగింది కాదు. పెడల్ రబ్బర్లు మాత్రమే సరికొత్తగా ఉన్నా అనుమానమే. పాత సర్వీసు స్లిప్పులు, ఆయిల్ మార్చినప్పుడు బానెట్ కింద అంటించిన స్టిక్కర్లు, టైర్ల బిల్లు... వీటి మీద రాసిన కిలోమీటర్లు తేదీలతో పాటు క్రమంగా పెరగాలి. మధ్యలో ఒక్కటి వెనక్కి వెళ్లినా బేరం అక్కడే ఆపాలి.

స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు చిన్న స్కానర్ తగిలిస్తే ఇంజిన్ కంప్యూటర్ దాచుకున్న తప్పుల కోడ్లు కనిపిస్తాయి. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, ఐరోపాలో పెట్రోలు కార్లకు 2001 నుంచి ఈ ఏర్పాటు తప్పనిసరి. పీ0300 అంటే ఇంజిన్ మిస్‌ఫైర్ అవుతోంది, పీ0420 అంటే పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదు. అసలు చూడాల్సింది మరొకటుంది. కోడ్లు చెరిపేస్తే కంప్యూటర్ తన స్వీయ పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలి. అవి పూర్తి కావడానికి కొన్ని రోజుల ప్రయాణం పడుతుంది. కాబట్టి స్కానర్‌లో కోడ్లు ఏవీ లేవని వస్తూనే, పరీక్షలు చాలావరకు పూర్తి కాలేదని కూడా వస్తే కోడ్లను నిన్నో మొన్ననో చెరిపేశారనో, బ్యాటరీ తీసి పెట్టారనో అర్థం. కారణం అడగాలి, వారం తర్వాత మళ్లీ చూస్తామని చెప్పాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి స్టార్ట్ చేయకముందు ఇంజిన్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి తర్వాత ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో వాటిని తీసేసి ఉండొచ్చు.

బాడీ మీద యాక్సిడెంట్ ఆనవాళ్లు వెతికేటప్పుడు కారును పగటి వెలుతురులో చూడాలి, వానలో తడిసినప్పుడు కాదు. నీటి చుక్కలు గీతల్నీ, రంగు తేడానీ కప్పేస్తాయి. డోరుకూ ఫెండర్‌కూ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉండాలి. బానెట్, ఫెండర్ బోల్టుల తలల మీద రంగు చెక్కుకుపోయి ఉంటే వాటిని ఎప్పుడో విప్పారు. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని స్టీలు ప్యానెల్ మీద ఆనిస్తే, కింద మందంగా లప్పం పెట్టిన చోట పట్టదు. డోరుకు ఒక గీత పడి టింకరింగ్ చేయించడం పెద్ద విషయం కాదు. బానెట్ లోపల ఛాసిస్ రెయిళ్లకూ, డిక్కీ అడుగు రేకుకూ వెల్డింగు చేసిన గుర్తులుంటే అది వేరే సంగతి.

వరదలో మునిగిన బండి చాలా శుభ్రంగా, సువాసనతో కనిపిస్తుంది. సీటు బెల్టు చివరిదాకా లాగితే ఎప్పుడూ బయటికి రాని ఆ భాగం మీద బురద గీత ఉంటుంది. సీటు పట్టాల కింద బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి, స్టెప్నీ గుంటలో మట్టి పేరుకుని ఉంటుంది. ఈ బండ్లలో వైరింగు కనెక్టర్లు నెలల తర్వాత ఒక్కొక్కటిగా చెడతాయి. ఎంత తగ్గించినా తీసుకోకూడదు.

చట్రం మీది 17 అక్షరాల నంబరు రిజిస్ట్రేషన్ కాగితం మీది నంబరుతో సరిపోవాలి. ఆ నంబరులో ఇంగ్లిషు అక్షరాలు ఐ, ఓ, క్యూ ఉండవు, అంకెలతో తికమక పడకుండా వాటిని వదిలేశారు. ఇదే నంబరుతో ఆ కారుకు తయారీదారు రీకాల్, అంటే లోపం సరిచేయడానికి బండ్లను వెనక్కి పిలవడం, ఏదైనా మిగిలి ఉందేమో చూడొచ్చు. జపాన్ కంపెనీ తకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల రీకాల్ చాలా కంపెనీల చిన్న కార్లను తాకింది. వేడికీ తేమకూ వాటిలోని రసాయనం పాడై, ఎయిర్‌బ్యాగు తెరుచుకున్నప్పుడు ఇనుప ముక్కలు చిమ్మే ప్రమాదం ఉన్నవి అవి. రీకాల్ మార్పును తయారీదారే ఉచితంగా చేస్తాడు, చేయించుకోలేదంటే యజమాని పట్టించుకోలేదని అర్థం.

ఇంటిల్లిపాదికీ సరిపోతుందా

కుటుంబం కోసం కొంటున్నప్పుడు ముందు సీట్లో కూర్చుని నిర్ణయం తీసుకోకూడదు. ఇంట్లో పొడుగ్గా ఉన్న మనిషిని ముందు కూర్చోబెట్టి, వెనక పిల్లల సీటు బిగించి చూడాలి. వెనక్కి తిరిగి ఉండే శిశువు సీటు పెడితే ముందు సీటు చాలా ముందుకు జరపాల్సి వస్తుంది, చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో ఇది పెద్ద సమస్య. పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు మామూలుగా వెనక పక్క సీట్లు రెండింటికే ఉంటాయి. పెద్దవాళ్లు ఎక్కే ఇల్లయితే వెనక డోరు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో, సీటు ఎంత ఎత్తులో ఉందో చూడాలి. కిందికి కూలబడేలా ఉన్న సీటు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు రోజూ కష్టమే.

డిక్కీ కొలత లీటర్లలో చెబుతారు. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లకు సుమారు 250 నుంచి 350 లీటర్లు, ఒక సైజు పెద్దవాటికి 350 నుంచి 400 దాకా. ఈ అంకె కంటే డిక్కీ అంచు ఎంత ఎత్తుందో, సీటు మడిచాక నేల చదునుగా వస్తుందో లేదో ఎక్కువ పనికొస్తాయి. పిల్లల తోపుడు బండి ఉంటే దాన్ని వెంట తీసుకెళ్లి నిజంగానే పెట్టి చూడాలి. 2001లో వచ్చిన హోండా జాజ్‌లో, కొన్ని దేశాల్లో ఫిట్ అనే పేరుతో, పెట్రోలు ట్యాంకును ముందు సీట్ల కిందికి జరిపారు. అందువల్ల వెనక సీటు అడుగును సినిమా హాలు కుర్చీలా పైకి మడవొచ్చు, నిలువుగా ఉన్న కుండీ కూడా పడుతుంది. చిన్న కారులో చోటు ఎంత తెలివిగా తీయొచ్చో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

భద్రత దగ్గర మాత్రం పొదుపు చేయకూడదు. క్రాష్ టెస్ట్ నక్షత్రాలు పరీక్ష జరిగిన ఏడాదితో కలిపి చదవాలి. ఐరోపాలో ఈ పరీక్షలు చేసే సంస్థ, 1997లో మొదలైన యూరో ఎన్‌క్యాప్, 2009లో తన లెక్కించే పద్ధతినే మార్చింది, ఆ తర్వాతా కఠినం చేస్తూ వచ్చింది. కాబట్టి 2008 నాటి అయిదు నక్షత్రాలు, 2018 నాటి అయిదు నక్షత్రాలు ఒకటి కావు. ఒకే మోడల్‌లో రెండు వేరియంట్లు దొరికితే పెద్ద టచ్ స్క్రీన్ ఉన్నదానికంటే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, పక్క ఎయిర్‌బ్యాగులు ఉన్నది తీసుకోవాలి. స్టెబిలిటీ కంట్రోల్ బండి జారబోతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెడుతుంది. ఐరోపాలో 2014 చివరి నుంచి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది, అమెరికాలో 2012 మోడళ్ల నుంచే. దాన్ని తర్వాత బిగించుకోవడం కుదరదు. స్క్రీను ఎప్పుడైనా పెట్టించుకోవచ్చు.

బేరం, ఆ తర్వాతి వారం

బేరమాడేటప్పుడు మొత్తంగా తగ్గించమనడం కంటే పనుల జాబితా ముందు పెట్టడం ఫలితమిస్తుంది. ముందు రెండు టైర్లు 2016వి, ఎడమ డ్రైవ్ షాఫ్ట్ బూటు చిరిగింది, బెల్టు బిల్లు లేదు, ఏసీ గాలి చల్లగా రావడం లేదు. ఒక్కోదానికి ఎంతవుతుందో ముందే కనుక్కుని వెళ్లాలి. ఏసీ విషయంలో ఒక చిన్న సంగతి: ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లలో వాడుతున్న ఆర్1234వైఎఫ్ గ్యాస్ పాత ఆర్134ఏ కంటే చాలా ఖరీదు. బానెట్ కింద స్టిక్కర్ మీద ఏ గ్యాసో రాసి ఉంటుంది. గ్యాస్ కారిపోయిందంటే ముందు లీకు బాగు చేయాలి, లేకపోతే ఆ ఖరీదైన గ్యాస్ మళ్లీ పోతుంది.

చేతిలో ఉన్న డబ్బు మొత్తం కారు మీద పెట్టకూడదు. అందులో ఆరో వంతో, అయిదో వంతో పక్కన ఉంచుకుని, మిగిలినదాంతో దొరికే కారు చూడాలి. ఇది వినడానికి కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ డబ్బు కలిపితే ఒక ఏడాది కొత్త మోడల్ వస్తుంది. కానీ రెండో నెలలో క్లచ్ పోతే అప్పు చేయాల్సి వచ్చే కారు కంటే, ఏడాది పాతదైనా నడుపుకోగలిగే కారు ఆ ఇంటికి మేలు. కొనే ముందు సొంత మెకానిక్‌తో బండిని లిఫ్ట్ ఎక్కించి కింద చూపించుకోవడానికి అయ్యే ఖర్చు కూడా ఈ లెక్కలోదే. అమ్మేవాళ్లు అందుకు ఒప్పుకోకపోతే ఆ బండి చూడటం అక్కడితో ఆపేయాలి.

కొన్న మొదటి వారంలో ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ మార్చేయాలి, పాత యజమాని నిన్ననే మార్చానన్నా సరే. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి, ఎప్పుడు మార్చారో తెలియనప్పుడు వెంటనే మార్చాలి. కూలెంట్ కూడా ఎప్పుడు మార్చారో తెలియకపోతే వెంటనే మార్చాలి. ఆ రోజు మీటరు మీద ఎంత ఉందో, తేదీ, వేసిన ఆయిల్ గ్రేడు ఒక పుస్తకంలో రాసుకుని, బిల్లు దాంట్లోనే పెట్టాలి. నాలుగేళ్ల తర్వాత ఈ కారు అమ్మేటప్పుడు గ్లవ్ బాక్సులోంచి తీసి చూపించేది ఆ పుస్తకమే.